మూడేళ్ళు వాడాక రెసిస్టెన్స్ బ్యాండ్ల మీద నా రివ్యూ, మధ్యలో ఫ్రోజెన్ షోల్డర్, ఆ తర్వాత చికున్‌గున్యా

2022 జూలైలో కొన్నాను ఈ బ్యాండ్లు, వ్యాయామానికి సాగదీసి లాగే రబ్బరు పట్టీలు, హ్యాండిల్స్ లేకుండా వెడల్పుగా ఉండే రకం, ఒక్కోటి మీటరున్నర పొడవు, ఐదు రంగుల సెట్. పసుపు అన్నిటికన్నా మెత్తన, తేలిగ్గా సాగుతుంది, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు ఒకదాన్ని మించి ఒకటి గట్టి. అన్ని కంపెనీలకీ రంగుల వరస ఇలాగే ఉండదు, కొనేముందు ప్యాకెట్ మీద చూసుకోండి.

నాకు షుగర్ ఉంది, నడక ఒక్కటే సరిపోదు కండకి పని చెప్పే వ్యాయామం కూడా చెయ్యమని డాక్టర్ గారు అన్నారు. నాకేమో ఎప్పటినుంచో ఒక కోరిక, రథసప్తమి రోజు 108 సూర్య నమస్కారాలు ఆపకుండా చెయ్యాలని. అప్పటికి రోజుకి 36 దాకా వచ్చాను, ఇంకో ఆరేడు నెలలుంటే చేసేస్తాననే నమ్మకం. అలాంటి టైంలో కుడి భుజం పట్టేసింది. నేను స్కూల్లో టీచర్ని, బోర్డు మీద పై లైన్ రాయబోతే చెయ్యి చెవి దాటి లేవలేదు. ఇంట్లో జడ వేసుకోవడం కూడా కష్టమైపోయి మా అమ్మాయి చేత వేయించుకునేదాన్ని. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, షుగర్ ఉన్నవాళ్ళకి ఎక్కువగా వస్తుందట, పూర్తిగా వదలడానికి ఏడాది నుంచి మూడేళ్ళు కూడా పట్టచ్చన్నారు. ఆ మాట విని ఇంటికొచ్చి చాలా ఏడ్చాను, నొప్పికన్నా ఆ 108 పోయిందన్న బాధే ఎక్కువ.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. వీడియోలు చూసి ఎర్ర బ్యాండ్ తలుపుకి కట్టి లాగడం మొదలుపెట్టా, బలం వస్తే భుజం వదులుతుంది కదా అని. వారం తిరక్కుండానే రాత్రిళ్ళు ఆ పక్కకి తిరిగితే మెలకువ వచ్చేసేంత నొప్పి. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి చూసి "మేడమ్, నొప్పి ఇంత ఉన్నప్పుడు ఇది లాగకూడదు, ఇంకా బిగుసుకుంటుంది, కొన్నాళ్ళు లోపల పెట్టేయండి" అంది. అప్పట్నుంచి రెండే పనులు. ముందుకి వంగి చెయ్యి వేలాడదీసి గడియారం లోలకంలా మెల్లగా ఊపడం, గోడ మీద వేళ్ళతో పైకి పాకించడం. వేళ్ళు ఎక్కడిదాకా వెళ్తే అక్కడ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తారీఖు వేసేదాన్ని, పిల్లల ఎత్తు కొలిచిన పాత గీతల పక్కనే ఇవీ. నాలుగు నెలలకి బెత్తెడు పైకి జరిగింది. చూసేవాళ్ళకి అది చిన్నదే, నాకు మాత్రం అప్పుడు అదే లక్ష్యం.

రాత్రి నొప్పి తగ్గాకే పసుపు బయటికి తీశాను. మోచెయ్యి నడుముకి ఆనించి చెయ్యి బయటికి తిప్పే వ్యాయామం, ఈ జబ్బులో బాగా పోయేది ఆ తిప్పడమే. మోచేతికీ పక్కటెముకలకీ మధ్య చిన్న టవల్ మడత పెట్టుకోమంది ఫిజియో అమ్మాయి, అది జారి పడితే మోచెయ్యి పక్కకి జరిగినట్టు, అప్పుడు పని చెయ్యాల్సిన కండ సరిగ్గా చెయ్యట్లేదని అర్థం. పదేసి చొప్పున మూడుసార్లు. ఎరుపుకి రావడానికి మూడు నెలలు, ఆకుపచ్చకి ఇంకో అయిదు నెలలు పట్టింది. 2024 రథసప్తమికి 54 చేశాను, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి దణ్ణం పెట్టుకున్నప్పుడు రెండు చేతులూ తల మీదికి ఎత్తగలిగాను, ఆ సంతోషం మాటల్లో రాయలేను.

ఆ ఏడాదే వానాకాలంలో చికున్‌గున్యా. జ్వరం వారంలో పోయింది కానీ కీళ్ళు నెలల తరబడి వదల్లేదు, పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు, టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవాల్సొచ్చేది. బ్యాండ్ పట్టుకోవడమే కుదరకపోతే దాన్ని వదులుగా ఉచ్చులా ముడేసి మణికట్టుకి తగిలించుకుని లాగాను, పట్టు అక్కర్లేదు. హ్యాండిల్స్ ఉన్న రకమైతే ఇది కుదిరేది కాదు, అందుకే ఈ పట్టీ రకమే కొనమంటాను. మళ్ళీ పసుపు దగ్గరికే వచ్చాను, కానీ ఈసారి ఏడవలేదు, ఎందుకంటే ఈ దారి ఒకసారి నడిచిందే. 108 అని ఒకటే నెంబర్ పెట్టుకున్నప్పుడు అది తప్పితే ఇంకేం మిగల్లేదు నాకు, ఇప్పుడు వారంలో నాలుగు రోజులు ఏదో ఒక రంగు అనుకుంటున్నా, ఏ రంగన్నది ఆ పొద్దున ఒళ్ళు చెప్తుంది. మర్నాటి దాకా నొప్పి ఉంటే ఒక రంగు కిందికి, జ్వరమొస్తే అసలు ముట్టుకోను. 2025 రథసప్తమికి కుర్చీలో కూర్చుని 12 చేశాను.

ఇక వస్తువు సంగతి. మాది కాకినాడ, ఉక్క ఎక్కువ, ఎండాకాలంలో ఇవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, నెలకోసారి టాల్కం పౌడర్ రాసి స్టీలు డబ్బాలో పెడతాను. గోళ్ళు, ఉంగరాలు తగిలితే సన్నని చిల్లులు పడతాయి, వాడేముందు కిటికీ వెలుగుకి సాగదీసి చూడండి, చుక్కంత వెలుతురు కనిపించినా పారేయండి, లాగేటప్పుడు తెగితే కంటికి తగులుతుంది. తలుపుకి కడితే మనవైపు తెరుచుకునే తలుపుకి వద్దు, గడియ కూడా పెట్టండి. లేటెక్స్ అంటే ఈ సహజ రబ్బరు, అది ఒంటికి పడని వాళ్ళకి లేటెక్స్ లేనివి వేరేగా దొరుకుతాయి. మధ్యలో గొట్టాల్లా ఉండే ట్యూబ్ రకం సెట్ కూడా ఒకటి కొన్నా, రెండు నెలలకే కొక్కెం ఊడొచ్చింది, పేరెందుకులెండి.

నీలం, నలుపు నేను ఇంతవరకూ వాడలేదు, ఆడవాళ్ళు భుజం కోసమే అయితే మొదటి మూడు రంగులు విడిగా కొనుక్కుంటే చాలు. నా పసుపుది పోయిన నెల అంచు చిరిగింది, అదొక్కటే మళ్ళీ తెప్పించుకున్నాను. ప్రస్తుతం భుజానికి ఎరుపు, మణికట్టుకి పసుపు, నమస్కారాలు 24 దగ్గరున్నాను.