పత్తిలో లింగాకర్షక బుట్టలు: కొన్ని సీజన్ల వాడకం తర్వాత

ఎర వాసనతో మగ రెక్కల పురుగుల్ని లాగి పట్టే ఈ గరాటు బుట్టలు, పత్తిలో గులాబీ రంగు పురుగు ఎంత వస్తోందో కనిపెట్టడానికి బాగా పనికొస్తాయి. పురుగుని తగ్గిస్తాయన్న మాట మాత్రం నమ్మబుద్ధి కాదు.

ఎరలో ఉండేది ఆడ పురుగు వదిలే వాసనే. పేరు గాసిప్లూర్, రెండు రసాయనాలు దాదాపు సగం సగం. ఆ పాళ్లు తప్పితే మగ పురుగు సరిగా రాదు. శనగపచ్చ పురుగు ఎర వేరు, పొగాకు లద్దె పురుగు ఎర వేరు. దుకాణంలో ఏది చేతికి అందితే అది ఇచ్చేస్తారు, ప్యాకెట్ మీద పేరు చూసి కొనాలి. ఒకే బుట్టలో రెండు రకాల ఎరలు పెట్టకూడదు.

విత్తిన 45 రోజులకి ఎకరానికి 4 బుట్టలు, పైరు కంటే అడుగు ఎత్తులో కట్టాలి. చేను పెరిగేకొద్దీ పైకి జరపాలి. చాలామంది మర్చిపోయేది ఇదే, ఆకుల్లో మునిగిన బుట్టకి వాసన పారదు. మందు అంటిన చేత్తో ఎర ముట్టుకోవద్దు. నెలకోసారి మార్చాలి. పాతది చేలోనే పారేస్తే అదీ మగ పురుగుల్ని పక్కకి లాగుతుంది. మిగిలిన ఎరల్ని ప్యాకెట్ విప్పకుండా ఫ్రిజ్‌లో ఉంచాలి. బుట్ట కింద పురుగులు పడే సంచి చిరిగిందా, చీమలు పట్టాయా అని చూడకపోతే పడ్డ పురుగుల లెక్క తక్కువ వస్తుంది.

వరసగా మూడు రోజులు బుట్టకి రోజుకి 7-8 పురుగులు పడితే మందు ఆలోచించాలి. ఎకరానికి 8-10 బుట్టలు పెడితే మగవన్నీ పోతాయంటారు గానీ, మిగిలిన ఒక్క మగదే చాలా ఆడవాటితో కలుస్తుంది. పైగా పక్క చేలో కలిసొచ్చిన ఆడది గుడ్లు పెట్టడానికి ఈ వాసనతో పనేముంది?

తగ్గించాలంటే ఎకరానికి 160 చొప్పున గాసిప్లూర్ తాళ్లు మొక్కలకి కట్టే పద్ధతి మేలు. చేనంతా వాసన నిండి మగది ఆడదాన్ని వెతుక్కోలేదు. ఒక్కరే రెండెకరాల్లో కడితే డబ్బు దండగ. చుట్టుపక్కల రైతులూ కలవాలి. తాళ్లు కట్టాక బుట్టలో సున్నా చూసి మురిసిపోవద్దు, మగది బుట్టనీ కనుక్కోలేదు కాబట్టే ఆ సున్నా. గుడ్డి పూలు (పురుగు పట్టి విచ్చుకోని పూలు) ఉన్నాయేమో చూడండి, 20 పచ్చికాయలు కోసి చూడండి. ఆ ఇరవైలో రెండు కాయల్లో పురుగు కనబడితే మందు కొట్టాల్సిందే.