ప్రొజెక్టరా, టచ్ ప్యానెలా, విజువలైజరా? క్లాసులో బొమ్మ చూపించడానికీ దాచుకోవడానికీ ఏది మేలు?

మా పిన్ని కొడుకు విశాఖపట్నం గాజువాకలో ట్యూషన్ పెడుతున్నాడు. పోయిన వారం ఫోన్ చేసి "అక్కా, ఏటి కొనమంటావు, ప్రొజెక్టరా, టచ్ ప్యానెలా?" అని అడిగాడు. నేను మద్దిలపాలెంలో మేడ మీద గదిలో ఇంటర్ బైపీసీ పిల్లలకి బోటనీ చెబుతాను, ఏడేళ్లుగా ఈ సామాన్లతో కుస్తీ పడుతున్నాను కాబట్టి ఒక్క ముక్కలో తేల్చేస్తాననుకున్నాడు. పావుగంట చెప్పినా వాడికి ఎక్కలేదు. అందుకే రాసి పెడుతున్నా, ఇదే సందేహంతో ద్వారకానగర్ షాపుల చుట్టూ తిరుగుతున్నవాళ్లు ఇంకొందరు ఉంటారు కదా.

షాపుకి వెళ్తే ఎవరైనా బొమ్మ ఎంత పెద్దగా, ఎంత మెరుస్తూ పడుతోందనే చూస్తారు. నేనూ అంతే చూసి కొన్నాను. కానీ క్లాసులో మనకి పడే పనులు రెండు. బొమ్మ చూపించాలి, ఆ చూపించినదాన్ని తీసి దాచాలి. దాచడం ఎందుకంటే ఆ రోజు రాని పిల్లలకి పంపాలి, పరీక్షల ముందు మళ్లీ చూపాలి, వచ్చే ఏడాది బ్యాచ్‌కి వాడుకోవాలి. మొదటి పని బాగా చేసే యంత్రం రెండోది కూడా బాగా చేస్తుందని నమ్మకం లేదు, నాకు బొక్కపడిందంతా అక్కడే.

మొదట కొన్నది చిన్న డీఎల్‌పీ ప్రొజెక్టర్, చిప్ మీది బుల్లి అద్దాలతో బొమ్మ వేసే రకం. గోడ మీద బొమ్మ బానే ఉండేది. కాండం అడ్డుకోత బొమ్మలో దారువుకి ఎరుపు, పోషక కణజాలానికి నీలం వేసి చూపించాను, పిల్లలు ఫోన్లు తీసి టకటకా ఫోటోలు కొట్టుకున్నారు. సాయంత్రం ఒకమ్మాయి అదే ఫోటో నాకు పంపి "మేడమ్, ఇందులో ఏది దారువు?" అని అడిగింది. చూస్తే తెల్లగా ఉండాల్సిన చోట అడ్డంగా గులాబీ రంగు పట్టీ, దాని కింద ఆకుపచ్చ పట్టీ, నీలం కాస్తా ఊదా అయిపోయింది, పైగా మూలన ఎవరో అబ్బాయి జుట్టు. ఫోన్ పాడయిందేమో అనుకున్నాను. ఇంకో ఇద్దరి ఫోన్లలో కూడా అదే తంతు.

తర్వాత తెలిసింది ఏంటంటే, ఒకే చిప్ ఉండే డీఎల్‌పీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకేసారి పడవు. రంగుల చక్రం గిర్రున తిరుగుతూ ఉంటే ఒకదాని వెనక ఒకటి పడతాయి. మన కన్ను ఆ వేగాన్ని పట్టుకోలేక అన్నీ కలిపేసి చూస్తుంది. ఫోన్ అలా కాదు, వెలుతురు ఎక్కువగా ఉందని సెకనులో రెండొందల యాభయ్యో వంతుకే షట్టర్ మూసేస్తుంది, అదీ పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కో వరసే చదువుకుంటూ. ఏ వరస చదివేటప్పుడు ఏ రంగు పడుతుంటే అదే దొరుకుతుంది. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/60 లేదా 1/30 దగ్గర పెట్టండి, పట్టీలు చాలావరకు పోతాయి. కానీ ఇరవై ఐదు మంది పిల్లల చేత క్లాసు మధ్యలో ప్రో మోడ్ పెట్టించడం మన వల్ల అయ్యే పనేనా? ఇక ఫ్లాష్ వేసి తీసేవాళ్ల గురించి చెప్పక్కర్లేదు, గోడ తప్ప ఏమీ కనపడదు.

మూడు ఎల్‌సీడీ పలకలు ఉండే ప్రొజెక్టర్లలో, అంటే ఎప్సన్ వాళ్లు ఎక్కువగా అమ్మే 3ఎల్‌సీడీ రకంలో, ఈ బాధ లేదు. మూడు రంగులూ ఒక గాజు పట్టకంలో కలిసి ఒకేసారి బయటికొస్తాయి. షాపులో తేడా కనిపెట్టడానికి చిన్న కిటుకు: తెల్ల స్క్రీన్ వేయించి, దాని ముందు చేతివేళ్లు విడదీసి గబగబా ఊపండి. వేళ్ల అంచుల్లో ఇంద్రధనుస్సు ముక్కలు కనిపిస్తే అది డీఎల్‌పీ. కొనొద్దని కాదు. సినిమాకీ, క్రికెట్ మ్యాచ్‌కీ అది బాగుంటుంది, నలుపు నల్లగా కనిపిస్తుంది, దుమ్ము కూడా లోపలికి తక్కువ పోతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఫోటోలు తీసుకునే చోటికి మాత్రం 3ఎల్‌సీడీయే మేలు, నేనూ తర్వాత దానికే మారాను.

దుమ్ము అన్నాను కదా, 3ఎల్‌సీడీకి ఉన్న రోగం అదే. మా గది హైవేకి దగ్గర. ఆర్నెల్లకోసారి పక్కనున్న చిన్న తలుపు తీసి ఫిల్టర్ బయటికి లాగితే బూడిదరంగు కంబళి ముక్కలా వస్తుంది, పాత పెయింట్ బ్రష్‌తో దులిపి మళ్లీ పెడతాను. ఒక ఏడాది బద్ధకించాను. తెల్ల స్క్రీన్ మీద మధ్యలో ఆకుపచ్చ మచ్చ పడింది, పిల్లలు దాన్ని పత్రహరితం అన్నారు.

సరే, 3ఎల్‌సీడీ కొన్నంత మాత్రాన గోడ మీది బొమ్మని ఫోటో తీయడం మంచి పద్ధతి అయిపోతుందా? కాదు, ఇది లెక్క వేస్తే గానీ నాకూ బుర్రకెక్కలేదు. నా ప్రొజెక్టర్ 1280×800 రకం. అంటే గోడ మీద పడేవి మొత్తం పది లక్షల చిల్లర చుక్కలు. గోడ మీదికి ఆ బొమ్మని పంపిన కెమెరాది 13 మెగాపిక్సెల్, అంటే కోటీ ముప్పై లక్షలు. గోడ మీద పడేసరికే పదమూడింట సుమారు పన్నెండు వంతులు పోయాయి. దాన్ని పక్క నుంచి వంకరగా ఫోటో తీస్తే, చుక్కల గడి మీద ఫోన్ సెన్సర్ గడి పడి చీర జరీలాంటి అలలు వస్తాయి, ఆ తర్వాత వాట్సాప్ దాన్ని ఇంకా నలిపేస్తుంది. బొమ్మ గోడ దాకా వెళ్లకముందే దాచుకోవాలి, వెళ్లాక కాదు. ల్యాప్‌టాప్‌లో ఉన్నదైతే విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కితే స్క్రీన్‌షాట్ వచ్చేస్తుంది, ఫోటో దేనికి?

ఇక్కడే విజువలైజర్ పనికొస్తుంది. డాక్యుమెంట్ కెమెరా అని కూడా అంటారు. మెడ వంచిన టేబుల్ ల్యాంపులా ఉంటుంది, బల్బు ఉండాల్సిన చోట కెమెరా. దాని కింద ఏది పెడితే అది గోడ మీద పడుతుంది, బటన్ నొక్కితే అదే పూర్తి మెగాపిక్సెళ్లతో ఫైల్‌గా దిగుతుంది. పోయిన జులైలో మందార పువ్వు పెట్టి కోసి చూపించాను. రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు తీసేశాక కేసరాలన్నీ గొట్టంలా అతుక్కుని ఉంటాయి కదా, ఏకబంధకం అని పుస్తకంలో చదివి బట్టీ కొడతారు. ఆ గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి, లోపల కీలం సన్నగా తీగలా వెళ్లడం ఏడడుగుల వెడల్పున గోడ మీద కనిపించేసరికి వెనక బెంచీ కూడా నోరు మూసింది. అండాశయాన్ని అడ్డంగా కోస్తే అయిదు గదులు, మధ్యలో స్తంభానికి అంటుకుని అండాలు. బటన్ నొక్కాను. ఆ ఫైల్ పెద్దది చేసి చూస్తే అండాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. గోడ మీదిది ఫోన్‌తో తీసిన పిల్లాడి ఫోటోలో అవి తెల్ల ముద్ద.

కొనేటప్పుడు మెగాపిక్సెల్ అంకె కంటే వైర్లు చూడండి. హెచ్‌డీఎంఐ అవుట్ ఉంటే నేరుగా ప్రొజెక్టర్‌కి పెట్టేయొచ్చు, యూఎస్‌బీ ఒక్కటే ఉంటే ల్యాప్‌టాప్ తప్పనిసరి. రెండోది చవక, నాది అదే, ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇంకోటి, తెచ్చిన రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 60 హెర్ట్జ్ ఉన్నదాన్ని 50 చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు మినుకు దానికి తగ్గట్టే ఉంటుంది, 60లో వదిలేస్తే తెర మీద నీడలాంటి పట్టీలు పాకుతూ ఉంటాయి. నేను ఈ సంగతి తెలియక రెండు నెలలు ట్యూబ్‌లైట్లు మార్పించాను. ఆటోఫోకస్ కూడా చెయ్యి కదిలినప్పుడల్లా బొమ్మని మసక చేసి మళ్లీ తేలుస్తుంది, ఫోకస్ లాక్ ఉన్నది తీసుకోండి.

ప్రొజెక్టర్ రిమోట్ మీద ఫ్రీజ్ అని ఒక బటన్ ఉంటుంది. తెర మీద బొమ్మ అలా ఆగిపోతుంది, మీరు వెనకాల పువ్వు మార్చుకోవచ్చు. అంతే, అది ఎక్కడా సేవ్ అవదు. సేవ్ అవుతుందనుకుని ఒక టర్మ్ అంతా నొక్కిన మనిషిని నాకు తెలుసు, రోజూ అద్దంలో కనిపిస్తుంది.

విజువలైజర్‌కి కూడా డబ్బు లేదంటే, ఫోన్‌ని బోర్లా పట్టుకునే స్టాండు కొని, స్క్రీన్‌ని ల్యాప్‌టాప్‌కి మిర్రర్ చేయండి. మొదటి ఏడాదికి చాలు. ఫోన్ కెమెరా చాలా విజువలైజర్ల కంటే మంచిదే. వైఫై మీద పంపితే చెయ్యి కదిలాక కాసేపటికి గోడ మీద చెయ్యి కదులుతుంది, వైరు పెడితే ఆ తేడా తగ్గుతుంది. మే నెలలో ఫోన్ వేడెక్కి కెమెరా దానంతట అదే మూసుకుపోయింది కూడా. అసలు టెన్షన్ వేరే. కిరణజన్య సంయోగక్రియ మధ్యలో మా ఆయన మెసేజ్ "వంజరం దొరకలేదు, చందువా తెస్తున్నా" అని ఏడడుగుల వెడల్పున పడింది. డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుని మొదలుపెట్టండి.

ఇంటరాక్టివ్ ప్రొజెక్టర్ అని ఇంకోటి అంటగడతారు. "దీంట్లో కెమెరా కూడా ఉంది మేడమ్" అన్నారు నాకు ఒక చోట. ఉంది, అబద్ధం కాదు. కానీ ఈ రకాల్లో మామూలుగా ఉండేది బోర్డుని ఫోటో తీసే కెమెరా కాదు, ఆ డిజిటల్ పెన్ను ఎక్కడుందో పరారుణ కాంతిలో వెతికేది. ఆ పెన్నుతో రాసింది సాఫ్ట్‌వేర్‌లో సేవ్ అవుతుంది, మీరు మామూలు మార్కర్‌తో బోర్డు మీద గీసింది దానికి కనపడదు. నాకు మార్కర్ చేతిలో లేకపోతే పాఠం రాదు, కాబట్టి ఇది నాకు దండగ. పైగా గోడకి ఆనుకునే షార్ట్ త్రో రకానికి గోడ పలకలా చదునుగా ఉండాలి, మా గోడ మీద వేసి చూస్తే గీతలు పాముల్లా వచ్చాయి. లెక్కలు చెప్పేవాళ్లు, రోజంతా డిజిటల్ పెన్నుతోనే రాసేవాళ్లు అయితే మాత్రం చూడొచ్చు, నీడ మీద పడదు, కళ్లలో వెలుతురు కొట్టదు.

మిగిలింది టచ్ ప్యానెల్, అంటే వేలితో రాయగలిగే పెద్ద టీవీలాంటి తెర. నాడు-నేడులో సర్కారు బడులకి ఇచ్చారు కదా, అందరికీ మోజు దాని మీదే. మోజులో తప్పు లేదు, కిటికీలు తెరిచి ఉంచినా బొమ్మ వెలిసిపోదు, రాసింది రాసినట్టు సేవ్ అవుతుంది, ల్యాంపు మార్చే గొడవ లేదు. కానీ టేపు పట్టుకెళ్లండి. 75 అంగుళాల ప్యానెల్ ఎత్తు 93 సెంటీమీటర్లు, నా 100 అంగుళాల తెర ఎత్తు 135. తెర ఎత్తుకి ఆరు రెట్ల దూరం దాకానే వెనకవాళ్లకి అక్షరాలు సుఖంగా కనపడతాయని ఈ పనిలో ఉన్నవాళ్లు పాటించే లెక్క ఒకటుంది. ప్యానెల్‌కి అది 18 అడుగులు, నా తెరకి 26. నా గది పొడవు 24 అడుగులు. చివరి రెండు బెంచీలు ప్యానెల్‌కి అందవు. ధర కూడా నేను అడిగిన చోట ప్రొజెక్టరూ విజువలైజరూ కలిపి అయిన దానికి రెట్టింపు పైనే చెప్పారు, అంత బరువుని మా ఇరుకు మెట్ల మీదుగా ఎక్కించడం వేరే కథ.

ప్రొజెక్టర్‌కి వెలుతురే ప్రాణం, అదొక్కటీ ఒప్పుకోవాలి. నాది 3300 ల్యూమెన్లు, 100 అంగుళాల తెర మీద చదరపు మీటరుకి సుమారు 1100 ల్యూమెన్లు పడతాయి, ట్యూబ్‌లైట్లు వేసి ఉన్నా బొమ్మ నిలబడుతుంది. తూర్పు కిటికీ తెరిస్తే మాత్రం పొద్దున్న తొమ్మిదింటి బ్యాచ్‌లో సముద్రం వైపు ఎండ ముందు ఏదీ నిలబడదు, ముదురు రంగు కర్టెన్ కుట్టించాను. ఆన్‌లైన్లో అరచేతంత ప్రొజెక్టర్‌కి పది వేలు, పదిహేను వేలు ల్యూమెన్లు అని రాస్తారే, అవి నమ్మొద్దు, ఏఎన్‌ఎస్‌ఐ లేదా ఐఎస్‌ఓ ల్యూమెన్లు, అంటే ప్రామాణిక పద్ధతిలో కొలిచినవి, ఎంతో అడగండి, చాలామంది అమ్మేవాళ్లు అక్కడే మాట మార్చేస్తారు.

మార్కర్‌తో రాసిన బోర్డు సంగతి ఒక్కటే మిగిలిపోయింది, దానికి నాకూ మంచి దారి దొరకలేదు. ప్రొజెక్టర్ కాంతి పడుతున్న బోర్డుని ఎదురుగా తీస్తే నున్నటి పలక మీద తెల్ల గుండ్రం మెరుస్తుంది. ప్రొజెక్టర్‌ని బ్లాంక్ చేసి, కాస్త పక్కకి జరిగి, ఫోన్లో డాక్యుమెంట్ స్కాన్‌తో తీస్తే వంకర అదే సరిచేసుకుంటుంది. కానీ బొమ్మ మీదే బాణాలు గీసినప్పుడు బ్లాంక్ చేస్తే బాణాలే మిగులుతాయి, దేనికి గీశానో ఎవరికీ తెలియదు. అందుకని ఇప్పుడు ఆ బొమ్మని కాగితం మీద ప్రింట్ తీసి విజువలైజర్ కింద పెట్టి, పెన్నుతో దాని మీదే గీస్తున్నా.

ఇదంతా చదివి మా వాడు "అయితే ప్రొజెక్టరూ విజువలైజరూ కొనేస్తానక్కా" అన్నాడు. గది ఎంత ఉందిరా అంటే "పదిహేను అడుగులు, పన్నెండు మంది పిల్లలు" అన్నాడు. వెనక గోడ దగ్గర మూడడుగులు వదిలేస్తే, చివరి పిల్లాడు తెరకి పన్నెండు అడుగుల దూరంలో ఉంటాడు. 55 అంగుళాల మామూలు టీవీ ఎత్తు 68 సెంటీమీటర్లు, ఆరు రెట్లంటే పదమూడు అడుగుల పైన. వాడికి ప్రొజెక్టరూ వద్దు, ప్యానెలూ వద్దు. ఇంట్లో హాల్లో ఉన్న టీవీయే 55 అంట, పిన్ని సీరియళ్ల సంగతి వాడే చూసుకోవాలి. విజువలైజర్ చూడ్డానికి ఆదివారం వస్తానన్నాడు, వచ్చేటప్పుడు నాలుగు మందార పూలు కోసుకు రమ్మన్నాను, మా కుండీలో మొగ్గలన్నీ పిల్లల క్లాసులకే అయిపోయాయి.