పెళ్ళి కెమెరాతో హంప్టా పాస్: హైదరాబాద్‌లో ఒక కెమెరా అద్దె షాపు గురించి

ట్రెక్కింగ్‌కి వెళ్తూ కెమెరా కొనాలా, అద్దెకి తీసుకోవాలా అని అడిగేవాళ్ళకి నా జవాబు ఒకటే: అద్దెకే తీసుకోండి, కాకపోతే షాపువాళ్ళు చేతిలో పెట్టింది పెట్టినట్టు తెచ్చేసుకోవద్దు. సోనీ ఏ7 ఫోర్ బాడీ (లెన్స్ లేని కెమెరా), దానికో మంచి లెన్స్ కొత్తవి కొంటే మూడు లక్షలు దాటిపోతుంది. ఏడాదికోసారి కొండెక్కే ఉద్యోగస్తుడు అంత డబ్బు పోసి, మిగతా కాలమంతా బీరువాలో పెట్టి, మన వానాకాలంలో లెన్స్‌కి ఫంగస్ పట్టిందేమో అని చూసుకుంటూ కూర్చోవడం దేనికి? నేను తీసుకున్నది కృష్ణానగర్ వైపు ఒక సందులో ఉన్న షాపులో. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడి మెచ్చుకోలూ తిట్లూ రెండూ ఈ ఊళ్ళో చాలా అద్దె షాపులకి సరిపోతాయి.

మన దగ్గర ఈ వ్యాపారం నడిచేదే పెళ్ళిళ్ళ మీద, ఆ తర్వాత షార్ట్ ఫిల్ముల మీద. కౌంటర్లో కుర్రాడు నన్ను అడిగిన మొదటి మాట "ఏ ఫంక్షన్ హాల్ అన్నా?" అని. హంప్టా పాస్, మనాలీ అవతల 4,270 మీటర్ల ఎత్తున ఒక కనుమ అని చెప్తే నవ్వేసి, "అయితే 24-70 తీస్కోండి, 70-200 కూడా పెట్టేస్తా, ఫ్లాష్ ఫ్రీ" అన్నాడు. మంచివాడే, వాడికి తెలిసిన లోకం అది. కానీ ఎఫ్2.8లో (అపర్చర్, అంటే లెన్స్ తెరుచుకునే వెడల్పు చెప్పే అంకె, చిన్నదైతే ఎక్కువ తెరుచుకుంటుంది) ఆ రెండు జూమ్ లెన్సులు, కొత్త మోడళ్ళే అయినా, కలిపి ఒకటీ ముప్పావు కిలో దాకా తూగుతాయి. శంషాబాద్‌లో క్యాబిన్ బ్యాగ్‌కి ఇచ్చేదే 7 కిలోలు, పైగా స్పేర్ బ్యాటరీలు, పవర్ బ్యాంకు చెక్-ఇన్‌లో వేయడానికి లేదు, అవీ చేతి బ్యాగులోకే రావాలి.

కొండల మీద పగలు ఎలాగూ ఎఫ్8, ఎఫ్11 దగ్గరే తీస్తాం, ఎఫ్2.8 మోసుకెళ్ళి చేసేదేమీ లేదు. నేను అడిగి మరీ తీసుకున్నది 20-70 ఎఫ్4 జూమ్ లెన్స్, 488 గ్రాములు. రాత్రి ఆకాశం కోసం 20 ఎంఎం ఎఫ్1.8, అది 373 గ్రాములు. మొదటిదానికి 72 ఎంఎం ఫిల్టర్, రెండోదానికి 67, కాబట్టి 72వి ఒక సెట్టు, చిన్న లెన్స్‌కి పెద్ద ఫిల్టర్ బిగించే స్టెప్-అప్ రింగు ఒకటి ఉంటే రెండింటికీ సరిపోతాయి. ఈ 20-70ని ఎవరూ అడగరట, లోపల అరలోంచి దుమ్ము దులిపి తెచ్చారు. లెన్స్ మాత్రం కొత్తదానిలా ఉంది.

కెమెరా సంగతి అలా కాదు. ఇది తప్పకుండా చదవండి. పెళ్ళి ఫొటోగ్రాఫర్లు ఎప్పుడూ ఎఫ్2.8 చుట్టుపక్కలే తీస్తారు, సెన్సర్ మీద దుమ్ము ఉన్నా ఆ అపర్చర్‌లో కనపడదు. మనం ఎఫ్11లో నీలాకాశం తీయగానే మచ్చలన్నీ బయటపడతాయి. నాకిచ్చిన బాడీ చూడ్డానికి మెరిసిపోతోంది. షాపు ముందు నిలబడి ఎఫ్16లో ఆకాశాన్ని, కావాలనే ఫోకస్ తప్పించి, ఒక ఫొటో తీసి జూమ్ చేస్తే పై మూలంతా మచ్చలే. కుర్రాడికి చూపిస్తే "లైట్‌రూమ్‌లో పోతుంది కదన్నా" అన్నాడు, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ అది. ఓనర్ వచ్చి, ఇంకేం మాట్లాడకుండా వేరే బాడీ ఇచ్చాడు. ఆయన ఆ పని చేశాడు కాబట్టే ఈ రివ్యూ ఇంత మర్యాదగా ఉంది. లెన్స్‌తో తీసిన ఫొటో మూలలు కూడా చూసుకోండి, పెళ్ళి ఫొటోల్లో మూలలు ఎలాగూ బ్లర్ అయ్యేవే కాబట్టి లెన్స్ లోపలి అద్దం ఒక పక్కకి వంగి ఉన్నా ఎవరికీ తెలియదు. వీలైతే ఒక రోజు ముందే తెచ్చుకొని పొద్దున్నే ఖాజాగూడ రాళ్ళ మీదికెక్కి దూరంగా ఉన్న టవర్లని తీసి, నాలుగు మూలలూ పోల్చుకుంటే చాలు.

బ్యాటరీల దగ్గర మాత్రం నాకు ఒళ్ళు మండింది. ఒక ఒరిజినల్, మిగతావి ఊరూ పేరూ లేనివి. హైదరాబాద్ ఎండలో బాగానే ఉన్నాయి, కనుమ కింద ఉండే బాలూ కా ఘేరా క్యాంపులో తెల్లవారుజామున సగం చార్జి చూపిస్తూనే ఠక్కున ఆగిపోయాయి. చలికి లిథియం బ్యాటరీ ఎలాగూ నీరసిస్తుంది, అందుకే రాత్రి స్లీపింగ్ బ్యాగులో, పగలు జాకెట్ లోపలి జేబులో పెట్టుకోవాలి. నాసిరకంవైతే అలా పెట్టినా లాభం లేదు. అన్నీ ఒరిజినల్ సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 బ్యాటరీలే కావాలని గట్టిగా అడగండి. దారిలో ప్లగ్ పాయింట్లు ఉండవు, ఏ7 ఫోర్ యూఎస్‌బీ-సీతో చార్జ్ అవుతుంది కాబట్టి పవర్ బ్యాంకు ఉంటే బయటపడతారు. కెమెరాని మాత్రం రాత్రి వెచ్చటి టెంటులోకి తెచ్చేముందు జిప్‌లాక్ కవర్లో పెట్టి మూసేయండి, లేకపోతే అద్దం మీదంతా ఆవిరి పడుతుంది.

ట్రైపాడ్ అద్దెకి తీసుకోకండి, అదొక్కటీ కొనుక్కోండి. వాళ్ళ దగ్గర ఉండేవి వీడియోవాళ్ళ బరువైన అల్యూమినియంవి. ట్రావెల్ ట్రైపాడ్ అని ఇచ్చినదానికి ఒక కాలు లాక్ నిలవక మెల్లగా కిందికి జారుతోంది. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి వాగు నీళ్ళు తీద్దామంటే, 6 స్టాపులకి (ఒక్కో స్టాపుకి వెలుతురు సగం అవుతుంది) 1/60 సెకను కాస్తా దాదాపు ఒక సెకను అవుతుంది, ఆ ఒక్క సెకనులోనే ఫ్రేము కుంగిపోతే ఇక ఎందుకది? సీపీఎల్ (పోలరైజర్ ఫిల్టర్) మాత్రం వాళ్ళదే తీసుకున్నాను, బాగుంది. ట్రెక్ మొదట్లో వచ్చే చికా క్యాంపు దగ్గర తడిసిన రాళ్ళ మీది, ఆకుల మీది మెరుపు తీసేయడానికి బాగా పనికొచ్చింది. కనుమ దాటాక తీసేశాను, అంత ఎత్తున ఆకాశం ముందే ముదురు నీలం, వైడ్ యాంగిల్‌లో సీపీఎల్ పెడితే ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా వస్తుంది.

అసలు ఈ దారిలో గొప్ప అదే. కులూ వైపు పచ్చగా, మబ్బుగా, వానగా ఉండి, కనుమ దిగి షియా గోరు క్యాంపు చేరేసరికి చెట్టన్నది కనపడని లాహౌల్ కొండలు. ట్రెక్ చివర చూసే చంద్రతాల్ సరస్సు ఒడ్డున టెంట్లు వేయనివ్వరు, క్యాంపులు కాస్త దూరంలో ఉంటాయి, కాబట్టి గాలి లేవకముందే నీళ్ళలో కొండల నీడ తీయాలంటే చీకట్లోనే నడక మొదలుపెట్టాలి. ఆ 20 ఎంఎం లెన్స్ డబ్బులు అక్కడ రాత్రి పాలపుంత తీసినప్పుడే వసూలయ్యాయి.

ఇక డబ్బుల సంగతి. ఆధార్ ఒరిజినల్ పెట్టమంటే ఒప్పుకోకండి, ఎయిర్‌పోర్టులో, మనాలీ హోటల్లో ఐడీ చూపించాలి. నేను డిపాజిట్ కట్టి జిరాక్స్ ఇస్తే ఊరుకున్నారు. ట్రెక్ అయిదు రోజులే అయినా ప్రయాణం రోజులకీ అద్దె పడుతుంది, అదే అసలు బరువు. ఇక్కడే ముహూర్తాలు మనకి కలిసొస్తాయి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, సామానంతా అరల్లో ఖాళీగా ఉంటుంది, హంప్టా సీజనేమో జూన్‌లోనే మొదలవుతుంది. నేను ఆషాఢంలోనే వెళ్ళాను కాబట్టి ప్రయాణం రోజులకి సగం అద్దెకే ఒప్పుకున్నారు. వచ్చేటప్పుడు కొండచరియ పడి దారి మూసేస్తే ఫోన్ చేశాను, "ఏం పర్లేదన్నా, ఇప్పుడెవరికీ అవసరం లేదు" అని అదనపు రోజుకి పైసా తీసుకోలేదు. అదే శ్రావణంలో అయితే ఆ మాట వినపడదు. కనుమ ఇవతల వానలు తగ్గాక తీయాలనుకుంటే భాద్రపదం చూసుకోండి, అప్పుడూ ముహూర్తాలు ఉండవు, బేరానికి దిగుతారు.

తిరిగిచ్చేటప్పుడు లెన్స్ హుడ్ మీద గీతలకి కాస్త గొణిగారు గానీ, తీసుకునే రోజు అన్నివైపులా తీసుకున్న వీడియో చూపిస్తే డిపాజిట్ మొత్తం అప్పటికప్పుడే ఫోన్‌పే చేశారు. అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆ బ్యాటరీలు మారిస్తే నాలుగు.