అయినవారికి ఆకుల్లో వడ్డించే బటన్

ఉద్యోగానికి వచ్చేవాళ్లకి టెస్టు పెట్టే ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ ఒకటి మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో వాడుతున్నాం. నియామకాలు చూసేది నేనే. పేరెందుకు గానీ, ఇలాంటిది కొనబోయేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

టెస్టు మాత్రం బాగుంది. బట్టీ ప్రశ్నలుండవు. ఆగిపోయిన ప్రోగ్రామూ, దాని లాగ్ ఫైలూ (నడిచేటప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే ఫైలు) చేతికిచ్చి ఎందుకు ఆగిందో కనిపెట్టి సరిచేయమంటుంది. అభ్యర్థి ముందు ఏ ఫైలు తెరిచాడో, ఎక్కడ తడబడ్డాడో మనం తర్వాత చూసుకోవచ్చు. నాకు మార్కులకంటే అదే ఎక్కువ పనికొచ్చింది. బ్రోషర్లో మాత్రం, పని చేయించి చూసే పరీక్షల గురించి 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు చెప్పిన 0.54 అంకెనే ఇంకా వేసుకుంటున్నారు. టెస్టు మార్కులకీ, తర్వాత ఉద్యోగంలో పనితీరుకీ ఎంత పొంతన ఉందో చెప్పే అంకె అది, 1 అయితే పూర్తి పొంతన. 2022లో సాకెట్ అనే మరో పరిశోధకుడి బృందం మళ్లీ లెక్కగట్టి దాన్ని 0.33కి దించింది. అయినా తోచిన ప్రశ్నలడిగే ఇంటర్వ్యూకి అదే లెక్కలో వచ్చింది 0.19, కాబట్టి టెస్టే నయం.

ఇక టెస్టు రాయకుండానే అభ్యర్థిని దాటించే 'మినహాయింపు' బటన్ సంగతి. నొక్కితే కారణం అడుగుతుంది, జాబితాలో మొదటిదే 'ఫౌండర్ రెఫరల్'. మా ఫౌండర్ గారు తన పాత సహోద్యోగికి అదే నొక్కారు. "వాడి పని కళ్లారా చూసినవాణ్ణి, మళ్లీ పరీక్షేంటండీ?" అన్నారు. అబద్ధమేం కాదు. కానీ ఆయన చూసింది ఆయనకే తెలుసు, మిగతావాళ్ల పక్కన పెట్టి పోల్చడానికి మాకేముంది? రిపోర్టులో మార్కుల గడిలో ఒక గీత ఉంది, అంతే. మార్కుల ప్రకారం వరస పెట్టమంటే ఆ గీత పోయి అందరికన్నా పైన కూర్చుంది! పైగా ఎంపిక కానివాళ్లకి వెళ్లే మెయిల్ చివర 'అభ్యర్థులందరినీ ఒకే కొలమానంతో చూశాం' అన్న వాక్యం దానంతటదే చేరుతుంది. అది తీసేసే సెట్టింగ్ ఎంత వెతికినా నాకు దొరకలేదు.

తెలిసినవాళ్ల ద్వారా వచ్చినవాళ్లు ఉద్యోగంలో ఎక్కువకాలం నిలుస్తారని చూపిన పరిశోధనలున్నాయి, కాదనను. అందుకని రెజ్యూమే వడపోత దాటించండి, సరిపోతుంది. టెస్టు మాత్రం రాయించాల్సిందే. పనిమంతుడని రూఢిగా తెలిసినవాడు రాసి తప్పాడనుకోండి, లోపం టెస్టులోనే ఉందేమోనని అనుమానం రావాలి కదా! టెస్టుని పరీక్షించుకునే ఆ అవకాశాన్ని కూడా ఈ బటన్ మింగేస్తోంది. వచ్చినాయనకి మాత్రం ఏం సుఖం? ఎంత బాగా పనిచేసినా టీమ్‌లో 'సార్ మనిషి' అన్న పేరు పోవడం లేదు.

కొనేముందు రెండడగండి: ఆ బటన్‌ని మూసేసే వీలుందా, నొక్కిందెవరో రిపోర్టులో కనబడుతుందా. మాదాంట్లో రెండూ లేవు. ఐదుకి మూడు స్టార్లు, అవీ ఆ లాగ్ ఫైలు ప్రశ్నకే.