కుమార పర్వతం: షూస్ తర్వాత, ముందు క్యాలెండర్ చూడండి

కర్ణాటక పడమటి కనుమల్లో ట్రెక్కింగ్‌కి పేరున్న కుమార పర్వతం పేరెత్తగానే బెంగళూరులో మా ఆఫీసు వాళ్ళు అడిగేది ఒక్కటే, ఏ షూస్ కొనాలని. నన్నడిగితే ఏ నెలలో వెళ్తున్నారో ముందు తేల్చుకోండి. వానాకాలంలో బండల మీద నాచు, దారి పొడవునా జలగలు. ఫిబ్రవరి వచ్చిందంటే గడ్డి ఎండిపోయి నిప్పంటుకునే భయం. అందుకే ఆ రెండు కాలాల్లోనూ అటవీశాఖ దారి మూసేస్తుంటుంది. ఇక మిగిలేది అక్టోబర్ నుంచి జనవరి దాకా, అందులోనూ అక్టోబర్‌లో జలగలు ఇంకా సెలవు తీసుకోవు, సాక్సుల మీద ముక్కుపొడి చల్లుకుని నడవాల్సిందే.

మేం డిసెంబర్‌లో, వారం మధ్యలో వెళ్ళాం. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి కొండ కిందున్న గుడి ఊరు, కుక్కే సుబ్రహ్మణ్య. రైలూ ఉంది గానీ సుబ్రహ్మణ్య రోడ్ స్టేషన్ ఊరికి దూరం, అక్కడి నుంచి మళ్ళీ బండి మాట్లాడుకోవాలి. కొండెక్కడానికి అటవీశాఖ పర్మిట్ మాత్రం ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. 2024 జనవరిలో రిపబ్లిక్ డే సెలవులకు వేలమంది ఒకేసారి ఎగబడ్డాక ఈ పద్ధతి పెట్టారు, నాకైతే మంచిదే అనిపించింది.

సగం దారిలో భట్టర మనె, అంటే ఎక్కేవాళ్ళకు భోజనం పెట్టే భట్టుగారి ఇల్లు, వస్తుంది. అన్నం, సాంబారు, మజ్జిగ, అంతే. కానీ ఆ మజ్జిగ కోసమైనా ఆగాలి. అక్కడిదాకా చెట్ల నీడే, అది దాటాక మాత్రం నెత్తిమీద ఎండ, మోకాళ్ళెత్తు గడ్డి, ఎక్కడా తలదాచుకునే చోటు లేదు. ఇంకా పైన కల్లు మంటపం (కన్నడలో రాతి మంటపం) దగ్గర నీళ్ళు దొరుకుతాయంటారు గానీ వేసవి దగ్గరపడే కొద్దీ అవి సన్నబడతాయి, కాబట్టి మనిషికి మూడు లీటర్లు మోయండి. శిఖరానికి ముందొచ్చే శేష పర్వతం దాటాక మళ్ళీ అడవిలోకి దిగి చివర్లో ఒక పెద్ద ఏటవాలు బండ ఎక్కాలి. డిసెంబర్‌లోనూ దాని మీద తడి ఆరలేదు, వేర్లు పట్టుకుని ఎక్కాం. పొగమంచు కమ్మితే పక్కనున్న మనిషీ కనపడడు, ఫోన్ సిగ్నల్ ఆశ పెట్టుకోకండి.

శిఖరం 1,712 మీటర్లు. కుక్కే నుంచి 1,500 మీటర్లకు పైగా ఎక్కి, అదే రోజు అంతా దిగాలి, పైన టెంట్ వేయనివ్వరు. మధ్యాహ్నానికి కల్లు మంటపం చేరకపోతే వెనక్కి తిరగడమే మేలు. చీకటి పడితే ఏనుగులు తిరిగే అడవి అది. అంత ఓపిక లేనివాళ్ళకు కొండకి అవతల, కొడగు జిల్లా సోమవారపేట వైపు నుంచి ఎక్కే దారి దగ్గర, నీడా ఎక్కువే, కాకపోతే అటు బస్సులు తక్కువ.

బసకి కుక్కేలో దేవస్థానం గదులు చవక, శుభ్రంగానూ ఉన్నాయి. మేం దిగిన ప్రైవేటు లాడ్జిలో వేడినీళ్ళకి వేరే డబ్బులడిగారు, దుప్పటేమో ముక్కిపోయిన వాసన. సుబ్రహ్మణ్య షష్ఠి రోజుల్లో అయితే ఏ గదీ దొరకదు, సర్పదోష పూజ ఆశ్లేష బలికి వచ్చే మనవాళ్ళే బోలెడుమంది. తిరుగు టికెట్ బాగా పొద్దుపోయాక బయల్దేరే బస్సుకే తీసుకోండి. సాయంత్రం బస్సు అందుకోవాలని దిగేటప్పుడు పరుగెడతారు, కాలు బెణికేది అక్కడే.