బోయా ఎం1 మైకు: "ఆ రోజు మీరెక్కడున్నారు?" అని అడగబోయేవాళ్ళకి

ఇందిరాగాంధీని కాల్చిన రోజు, రాజీవ్ గాంధీ పోయిన రాత్రి, దివిసీమ ఉప్పెన. ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కసారి కదిపితే చాలు, ఎక్కడ నిలబడ్డారో, చేతిలో ఏముందో దగ్గర్నించి చెప్పుకొస్తారు. ఆ మాటల్ని రికార్డు చేసి దాచుకోవాలనుకునేవాళ్ళ కోసం ఈ రివ్యూ. బోయా బీవై-ఎం1 మీద యూట్యూబర్ల రివ్యూలు కోకొల్లలు. డెబ్భై, ఎనభై ఏళ్ళ మనిషి పమిటకి తగిలించి గంటసేపు మాట్లాడించాలంటే ఇది ఎలా నడుస్తుందో మాత్రం వాటిల్లో దొరకదు.

ముందు తీర్పు చెప్పేస్తే మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. ఫోనుకి హెడ్‌ఫోన్ పెట్టుకునే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉండి, ఒక్కరే ఒకచోట కూర్చుని మాట్లాడేట్టయితే, వెయ్యి రూపాయలకి అటూఇటూగా దొరికే ఈ మైకు చాలు. నలుగురు అరుగు మీద చేరి ఒకరి మాట మీద ఒకరు పడుతూ చెప్పుకునే కబుర్లకి పనికిరాదు.

డబ్బాలో గోరంత మైకు, దానికి క్లిప్పు, నల్ల స్పాంజి టోపీ, ఒక చిన్న బ్యాటరీ, పెద్ద పిన్ను అడాప్టరు, సంచి ఉంటాయి. తీగ పొడవు 6 మీటర్లు. అంత పొడవెందుకని మొదట విసుగొస్తుంది గానీ ఈ పనికి అదే వరం. ఫోను ఎదురుగా కనిపిస్తే పెద్దవాళ్ళు దాన్ని చూసి గొంతు పెంచుతారు, లేదా సభలో మాట్లాడుతున్నట్టు "అప్పుడు దేశమంతా శోకసముద్రంలో" అని మొదలుపెడతారు. ఫోను పక్క గదిలో మంచం మీద పెట్టి, మైకు ఒక్కటే వాళ్ళ దగ్గర ఉంచితే ఐదు నిమిషాల్లో దాన్ని మరిచిపోతారు. తీగ కాళ్ళకి అడ్డంపడకుండా గోడ వారగా లాగి, కుర్చీ కాలికి ఒక చుట్టు వేయండి. కాఫీకని లేచినప్పుడు గుంజుకుపోయేది కుర్చీ దగ్గరే ఆగిపోతుంది, ఫోను కిందపడదు.

తీగ మధ్యలో వేలెడంత పెట్టె, దాని మీద ఒక స్విచ్చి. కొత్తవాళ్ళు బోల్తాపడేది ఇక్కడే. స్మార్ట్‌ఫోన్‌కి వాడేటప్పుడు స్విచ్చి ఆఫ్ వైపే ఉండాలి. ఆన్ అన్నది కెమెరాల కోసం. "ఆఫ్‌లో పెడితే ఎలా రికార్డవుతుంది" అని ఆన్ చేసేస్తారు, ఆనక శబ్దం సరిగా రాలేదని మైకుని తిడతారు. ఫోనుతో వాడినప్పుడు బ్యాటరీతో పనే లేదు. కెమెరాకి వాడితే ఎల్ఆర్44 అనే గుండీ బ్యాటరీ కావాలి, పని కాగానే స్విచ్చి ఆఫ్ చేయకపోతే అది ఖర్చైపోతూనే ఉంటుంది.

ఇంకో గోతి ఉంది. మైకు గుచ్చినా, కొన్ని రికార్డింగ్ యాప్‌లు ఫోను సొంత మైకుతోనే రికార్డు చేస్తాయి. గంట అయ్యాక వింటే, పక్క గదిలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంటుంది. అందుకే మొదలుపెట్టే ముందు రికార్డు నొక్కి, మైకు మీద గోటితో రెండుసార్లు గీకండి. తర్వాత ఫోను అడుగున రంధ్రాల దగ్గర గీకండి. ఆపి వినండి. మొదటి గీకుడు గట్టిగా, రెండోది వినీవినపడనట్టు ఉంటే సరే. తారుమారైతే యాప్ సెట్టింగుల్లో బయటి మైకు ఎంచుకోవాలి, లేదా యాప్ మార్చాలి.

కొత్త ఫోన్లలో చాలావాటికి ఆ రంధ్రమే లేదు. టైప్-సి పిన్నుకి అడాప్టరు వేసుకోవచ్చు, కానీ లోపల చిప్పు లేని చవక అడాప్టర్లు చాలా ఫోన్లలో మైకుని గుర్తించవు. టైప్-సి పిన్నుతోనే వచ్చే ఎం3 మోడల్ తీసుకోవడం తేలిక.

తగిలించడం దగ్గరకొద్దాం. రికార్డింగు బాగుపడేదీ చెడిపోయేదీ అక్కడే. గడ్డం కింద జానెడు దూరం లెక్క. ఇది అన్ని వైపుల నుంచీ సమానంగా వినే మైకు, కాబట్టి తల్లకిందులుగా పెట్టినా ఫరవాలేదు. "ప", "భ" పలికినప్పుడు గాలి టప్‌మని కొడుతుంటే అలా తిప్పి పెట్టడమే మందు. మగవాళ్ళకి చొక్కా గుండీల పట్టీ సరిపోతుంది. బనియన్‌తో కండువా వేసుకుని కూర్చునే తాతయ్యలకి మాత్రం కండువాకి పెట్టొద్దు. అది జారుతూనే ఉంటుంది, వాళ్ళు సర్దుతూనే ఉంటారు. బనియన్ మెడకే పెట్టండి.

ఆడవాళ్ళకి పమిట అంచు కన్నా జాకెట్టు మెడ నయం. గంజి పెట్టిన మంగళగిరి చీరైతే పమిట కదిలినప్పుడల్లా ఎండుటాకుల మీద నడిచినట్టు గరగరమంటుంది. ఆ రోజుకి మెత్తగా నలిగిన పాత చీర కట్టుకోమని ముందురోజే చెప్పండి. మెడలో గొలుసులు మైకుకి తగులుతుంటే, మైకుని ఒక పక్కకి, భుజం వైపు జరపాలి. గాజులు తీయమని అడగొద్దు. మరీ చప్పుడవుతుంటే ఒళ్ళో ఒక దిండు పెట్టి చేతులు దాని మీద ఆనించమంటే సగం తగ్గుతుంది. క్లిప్పుకి కిందుగా తీగని చిన్న ఉచ్చులా మడిచి అదే క్లిప్పులో ఇరికించండి, తీగ లాగుడు మైకు దాకా రాదు.

ఇక ఫ్యాను. బెజవాడలో ఫ్యాను ఆపి పెద్దవాళ్ళని కూర్చోబెట్టడం పాపం, కొన్ని నెలల్లో ప్రమాదం కూడా. స్పీడు రెండులో పెట్టి, సరిగ్గా కింద కాకుండా పక్కకి కూర్చోబెట్టండి, స్పాంజి టోపీ తీయకండి. కూలరుంటే ఆ గది వదిలేయండి. ఇంకో చిక్కు ఫోనుది: మాట ఆగినప్పుడల్లా తనంతట తాను శబ్దం పెంచుకుంటుంది, దాంతో మౌనం వచ్చిన చోటల్లా ఫ్యాను హోరు లేస్తుంది. పెద్దవాళ్ళు ఆగి ఆలోచించే చోట్లు ఇలాంటి కబుర్లలో చాలా ఉంటాయి. ఇలా తనంతట తాను పెంచుకోవడాన్ని (ఆటో గెయిన్) ఆపేసే వీలున్న యాప్ వాడండి. వేసవిలో పొద్దున ఏడింటికి, మిగతా కాలాల్లో టిఫిన్లయ్యాక కుక్కర్ ఎక్కకముందు కూర్చోవడం మంచిది. స్టేషన్ చుట్టుపక్కల ఇళ్ళలో రైలు కూత తప్పదు. కూత వచ్చినప్పుడు "ఆ మాట మళ్ళీ చెప్పండి" అనకండి, రెండోసారి చెప్పేది ఎప్పుడూ చప్పగా ఉంటుంది.

ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. కాల్ వస్తే కొన్ని యాప్‌లు చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి. యాప్ సెట్టింగుల్లో ఇవి ఎంచుకోండి: డబ్ల్యూఏవీ ఫార్మాట్ (శబ్దాన్ని కుదించకుండా దాచేది), 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో (ఒకే చానల్). గంటకి సుమారు 320 ఎంబీ అవుతుంది. స్టీరియో పెడితే రెట్టింపు జాగా తప్ప లాభం లేదు, ఉన్నది ఒకటే మైకు కదా. మొదట పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది చప్పుడు ఒక్కటే రికార్డు చేయండి, తర్వాత హోరు తగ్గించాలంటే ఆ ముక్కే ఆధారం. ఆపైన తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, వయసు పైకి చెప్పండి.

మైకు చేసేది అంతవరకే. అడిగే తీరు బాగాలేకపోతే ఎంత స్పష్టంగా రికార్డైనా దండగ. "ఇందిరమ్మ పోయిందంటే మీకు బాగా బాధేసిందా?" అంటే "ఆఁ, బాధే మరి" అని ఊరుకుంటారు. చిన్నవి అడగాలి. ఇలా:

"ఆ మాట మీకెవరు చెప్పారు మామ్మా?"

"పక్కింటి కుర్రాడు."

"అప్పుడు మీరేం చేస్తున్నారు?"

"పిండి రుబ్బుతున్నా."

"రోలు వంటింట్లోనా?"

"పెరట్లో, బావి పక్కన. చెయ్యంతా పిండే. అలాగే లేచి వీధిలోకొచ్చేశా."

ఇక అక్కడి నుంచి మనం అడగక్కర్లేదు, ఆవిడే నడిపిస్తుంది. మైకు ప్రశ్న అడిగేవాళ్ళ గొంతుని కూడా మూడడుగుల దూరం నుంచి పట్టుకుంటుంది, కాస్త సన్నగా. అది చాలు.

ఇలాంటి జ్ఞాపకాలు ఎంత స్పష్టంగా ఉంటే అంత నిజమనుకోవడం పొరపాటు. 1986 జనవరిలో అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడే, ఆ వార్త ఎలా తెలిసిందో విద్యార్థుల చేత రాయించి దాచారు. దాదాపు రెండున్నరేళ్ళ తర్వాత వాళ్ళలో 44 మందిని మళ్ళీ అడిగితే, నాలుగో వంతు మంది అసలు విషయాల్లో ఒక్కటీ మొదట రాసినట్టు చెప్పలేదు. అలాగని తడబడనూ లేదు.

మన దగ్గర కలగాపులగమయ్యే చోట్లు కొన్ని ముందే తెలిసుంటే మేలు. ఇందిరమ్మని కాల్చింది 1984 అక్టోబరు 31 బుధవారం, దీపావళి వెళ్ళిన వారానికి, ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయిన నెలన్నరకి. కాల్పులు ఉదయం తొమ్మిది దాటాక జరిగితే ఆకాశవాణి మరణవార్త చెప్పింది సాయంత్రానికి. మధ్యాహ్నమే తెలిసిందంటే బీబీసీ విన్నవాళ్ళెవరో చెప్పి ఉండాలి. ఆ "ఎవరో" ఎవరని అడగండి, కథ అక్కడుంటుంది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్‌ని చంపిన బాంబు పేలింది రాత్రి పది దాటాక. "సాయంత్రం బడి నుంచి వస్తుంటే తెలిసింది" అంటే సాయంత్రమూ కుదరదు, బడీ కుదరదు, అవి వేసవి సెలవులు. విజయవాడ వాళ్ళు రాజీవ్ హత్య తర్వాతి అల్లర్లని 1988 డిసెంబరులో వంగవీటి మోహనరంగా హత్య తర్వాతి కర్ఫ్యూతో కలిపేస్తుంటారు. చలిదుప్పటి కప్పుకుని కిటికీలోంచి చూశామంటే అది డిసెంబరే.

ఉప్పెనదీ అంతే. దివిసీమని ముంచింది 1977 నవంబరు 19, శనివారం. 1990 మేలో బందరు దగ్గర తీరం దాటిన తుపానుతో కలిసిపోతుంది. "చేలో వరి ఉందా?" అని అడిగితే తేలిపోతుంది. నవంబరైతే కోతకొచ్చే పైరు, మేలో అయితే మామిడికాయలు రాలిన సంగతి చెబుతారు. గాంధీజీ హత్య గుర్తున్నవాళ్ళు తొంభైకి అటూఇటూ ఉంటారు. "బెజవాడ రేడియోలో విన్నాం" అని ఎవరైనా అంటే, విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న, హత్య జరిగింది జనవరి 30న. మద్రాసు కేంద్రం అయ్యుండాలి. వైఎస్ హెలికాప్టర్ విషయంలో రెండు రోజులున్నాయి: కనపడకుండా పోయింది 2009 సెప్టెంబరు 2, మరణం ఖాయమైంది మర్నాడు. ఏ రోజు సంగతి చెబుతున్నారో విడదీసి అడగాలి.

తేడా కనిపించినా మధ్యలో దిద్దొద్దు. "కాదు తాతయ్యా" అన్నారంటే ఆ తర్వాత ప్రతి మాటకీ మీ మొహం చూసి చెబుతారు. కాగితం మీద రాసుకుని చివర్లో వెలుగుందా చీకటా, ఏ తరగతి, ఎవరి పెళ్ళికి ముందా వెనకా అని అడగండి. తప్పు తేదీతో చెప్పినా రికార్డు అలాగే ఉంచి, సరైనది వేరే కాగితం మీద రాసి జతచేయాలి. భార్యాభర్తల్ని ఒకేసారి కూర్చోబెట్టొద్దు. "కాదండీ, అప్పుడు మనం గుంటూరు బ్రాడీపేటలో ఉన్నాం" అని ఒకరనగానే రెండోవారి జ్ఞాపకం కూడా బ్రాడీపేటకి మకాం మార్చేస్తుంది. మైకు ఎలాగూ ఒక్కరికే కాబట్టి, ఈ లోపం ఇక్కడ కలిసొస్తుంది.

వైర్‌లెస్ మైకుల సంగతి అడుగుతారు. తీగ గొడవ ఉండదు, నిజమే. కానీ చార్జింగు చూసుకోవాలి. నాయిస్ తగ్గించే ఏర్పాటు ఆన్‌లో ఉంటే పెద్దవాళ్ళు గొణిగే మాటల్ని, వాక్యం చివర దిగిపోయే గొంతుని ఫ్యానుతో పాటే మింగేస్తుంది. అవి కొంటే ఆ ఏర్పాటు ఆపి వాడండి.

ఫైలుకి తేదీ, పేరు, సంఘటన కలిపి పేరు పెట్టి మూడు చోట్ల దాచండి, ఒకటి వేరే ఇంట్లో. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపాలి. అల్లర్ల కబుర్లలో వీధి, ఇంటిపేరుతో సహా మనుషుల పేర్లు వస్తాయి. అవి ఇంట్లో వినడానికే, ఆన్‌లైన్‌లో పెట్టడానికి కాదు. పెట్టేది ఏదైనా చెప్పినవారిని అడిగి పెట్టండి.

ఈ మైకు త్వరగా పాడయ్యేది పిన్ను దగ్గర. తీగని మోచేతికి బిగించి చుట్టకుండా వదులుగా పెద్ద చుట్టలుగా చుట్టండి. మధ్యలో ఉన్న పెట్టెని గాల్లో వేలాడనీయకుండా బల్ల మీద ఆనించండి. నకిలీలు కూడా తిరుగుతున్నాయి, కాబట్టి గవర్నర్‌పేటలో కొన్నా, గుంటూరులో కొన్నా బిల్లు తీసుకోండి, మీ ఫోను వెంట తీసుకెళ్ళి కౌంటరు దగ్గరే గుచ్చి గోటితో గీకి వినండి.