మూడేళ్లు వాడిన ఫిట్‌నెస్ వాచీ: సైకిల్ మీద దాని పల్స్‌ని నేనింక నమ్మను

ఈ వాచీ మీద నాకు ఒక్కటే కోపం, మూడేళ్లయినా తీరలేదు. సైకిల్ తొక్కేటప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో తెలుసుకోవడానికే దీన్ని కొన్నాను. ఆ ఒక్క పనే ఇది చేయలేకపోయింది. స్క్రీన్ ఎంత, బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. పల్స్ గురించే చెబుతాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ఉండేది విశాఖపట్నంలో, ఉక్కునగరంలో. షిఫ్ట్ డ్యూటీ. మా నాన్నకి 51 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. నాకు 43 నిండగానే మా ఆవిడ బలవంతం మీద టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండెను చూసే పరీక్ష, చేయించుకున్నాను. రిపోర్టు బాగానే ఉంది. డాక్టర్ గారు సైకిల్ తొక్కమనే చెప్పారు. కాకపోతే మొదటి ఏడాది పల్స్ 150 దాటకుండా చూసుకోమన్నారు, ఛాతీ పట్టేసినట్టున్నా తల తిరిగినా వెంటనే ఆపేయమన్నారు. ఆ 150 కోసమే 2022 ఆగస్టులో పదిహేడు వేలు పెట్టి ఈ వాచీ కొన్నాను. బ్రాండ్ పేరు రాయను. చేతికి కట్టుకునే వాచీలన్నిటికీ ఉన్న కష్టమే ఇది, ఒక కంపెనీని అని లాభం లేదు.

మొదటి నాలుగు నెలలు దీన్ని నెత్తిన పెట్టుకున్నాను. టౌన్‌షిప్ లోపలి రోడ్లు నున్నగా, చెట్ల నీడలో ఉంటాయి, ట్రాఫిక్ తక్కువ. ఉదయం ఐదున్నరకి బయల్దేరి గంటసేపు తిరిగొస్తే పల్స్ గీత చక్కగా పెరిగి, నిలబడి, తగ్గేది. ఆదివారాలు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లినప్పుడూ అంతే. రుషికొండ దగ్గర ఎత్తు వస్తే అంకె పెరిగేది, దిగితే తగ్గేది. డ్యూటీలో నలుగురికి చూపించి కొనమన్నాను. ఇద్దరు కొన్నారు కూడా. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఆ డిసెంబరులో ఆరుగురం అరకు ఘాట్ ఎక్కాలనుకున్నాం. సైకిళ్లు వ్యాన్‌లో ఎస్.కోట దాకా తీసుకెళ్లి, అక్కణ్ణుంచి తొక్కాం. తెల్లవారకముందే బయల్దేరడంతో వేళ్లు కొంకర్లు పోయేంత చలి. బొడ్డవర దాటాక ఎత్తు మొదలైంది. మంచు, మలుపులు, అక్కడక్కడా రోడ్డు రేగిపోయి ఉంది. నేను ప్రతి రెండు నిమిషాలకీ మణికట్టు తిప్పి చూసుకుంటున్నాను. 118. కాసేపటికి 121. ఇంకాసేపటికి 119.

ఇంత ఎత్తు ఎక్కుతున్నా 120 దాటలేదంటే నా శరీరం బాగా కుదురుకుందనుకున్నాను. నిజానికి అప్పటికే నా ఊపిరి నాకు వినబడుతోంది. పక్కనున్నాయన ఏదో అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పడానికి కూడా ఊపిరి చాలలేదు. అయినా అంకె 121 అంటోంది కదా అని గేర్ ఒకటి బరువు చేసి ఇంకా గట్టిగా తొక్కాను. ఊపిరి చెప్పింది వినలేదు, వాచీ చెప్పింది విన్నాను. మూడేళ్లలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

టైడ దగ్గర టీ కోసం ఆగాం. సైకిల్ దిగగానే కాళ్లు వణికాయి, కళ్ల ముందు తెల్లగా కమ్మేసింది. మా గుంపులో ఒక రిటైర్డ్ మాష్టారు ఉన్నారు, అరవై దాటిన మనిషి, చేతికి ఏ వాచీ లేదు. నన్ను చూసి, "ఏటయ్యా ఆ రొప్పు? కూకో ముందు" అని బెంచీ మీద కూర్చోబెట్టారు. వాచీ చూపించి "బాగానే ఉంది మాష్టారూ, 121" అన్నాను. ఆయన వాచీ వంక చూడనే లేదు. మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి, తన ఫోన్‌లో సెకన్లు చూస్తూ పదిహేను సెకన్లు లెక్కపెట్టారు. 42. అంటే నిమిషానికి 168. అప్పటికి నేను సైకిల్ దిగి రెండు నిమిషాలు పైనే అయింది. తొక్కేటప్పుడు ఎంత ఉండి ఉంటుందో ఆలోచిస్తే ఇప్పటికీ భయమేస్తుంది.

అరగంట కూర్చున్నాక నిమ్మళించింది. డముకు వ్యూ పాయింట్ దాకా కూడా వెళ్లకుండా అక్కడే ఆగి, వ్యాన్ వచ్చాక ఎక్కాను. మళ్లీ డాక్టర్ దగ్గరికెళ్తే ఈసీజీ, ఎకో తీసి ఏమీ లేదన్నారు. ఇంట్లో మా ఆవిడ అడిగింది ఒకటే: "ఏవండీ, దాన్ని చూసుకోవడానికే కదా కొన్నారు?" నా దగ్గర జవాబు లేదు.

ఎందుకిలా జరిగిందో ఆ తర్వాత కూర్చుని తెలుసుకున్నాను. కొనేముందు తెలుసుకోవలసింది. వాచీ అడుగున పచ్చ లైట్లుంటాయి. ఆ వెలుతురు చర్మం లోపలికి వెళ్లి తిరిగొస్తుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అక్కడ రక్తం కొంచెం పెరిగి ఎక్కువ వెలుతురును పీల్చేసుకుంటుంది. తిరిగొచ్చే వెలుతురులోని ఆ హెచ్చుతగ్గులనే వాచీ పల్స్‌గా లెక్కపెడుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు ఈ లెక్క బాగా కుదురుతుంది. సైకిల్ మీద మణికట్టు వెనక్కి వంగి ఉంటుంది. హ్యాండిల్‌ని బిగించి పట్టుకుంటాం. గతుకుల అదురంతా చేతిలోంచే పోతుంది. వాచీ అటూఇటూ కదిలి బయటి వెలుతురు దూరుతుంది. పైగా చలిలో చేతులకి రక్తం సరిగ్గా పారదు. ఆ రోజు ఘాట్‌లో ఇవన్నీ ఒకేసారి కలిశాయి.

జనవరిలో ఛాతీకి కట్టుకునే చెస్ట్ స్ట్రాప్ కొన్నాను, నాలుగు వేలలోపే. ఇది గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది, ఈసీజీలో లాగ. కొత్త వస్తువేం కాదు. ఫిన్లాండ్‌కి చెందిన పోలార్ కంపెనీ 1980ల మొదట్లోనే వైరు లేని ఛాతీ బెల్టు తెచ్చింది. నేను మాత్రం నలభై ఏళ్ల తర్వాత వచ్చిన వాచీని చూసి, కొత్తది కాబట్టి మెరుగైనదే అయ్యుంటుందనుకున్నాను.

రెండు నెలలు రెండూ కట్టుకుని తొక్కాను. స్ట్రాప్ అంకె ఫోన్‌లోకి, వాచీ అంకె వాచీలోనే. ఇంటికొచ్చాక రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూసేవాణ్ణి. భీమిలి రోడ్డులో ఒకే వేగంతో వెళ్తే తేడా మూడు నాలుగు మించలేదు. అంటే మొదటి నాలుగు నెలలు నేను మెచ్చుకున్నది అబద్ధమేమీ కాదు, సులువైన రోడ్డు మీద నిజం. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు అసలు సంగతి బయటపడింది. స్ట్రాప్ 155 చూపించినప్పుడు వాచీ 126 దగ్గర కూర్చుంది. గాజువాక వైపు రేగిపోయిన సర్వీస్ రోడ్ల మీద రెండింటికీ పొంతనే లేదు. కొండ దిగేటప్పుడు ఇంకో వింత: పెడల్ తిప్పకుండా జారుకుంటూ వస్తుంటే స్ట్రాప్ 104, వాచీ 150. రోడ్డు అదురునే పల్స్ అనుకుంటోందని నా అంచనా. అన్నిటికంటే ఘోరం, ఒక నిమిషం గట్టిగా తొక్కి ఒక నిమిషం తేరుకునే రైడ్లు. గట్టిగా తొక్కే నిమిషం అయిపోయాక వాచీ అంకె పెరగడం మొదలుపెట్టేది.

వాచీకి న్యాయంగా ఒక మాట. మణికట్టు ఎముకకి రెండు మూడు వేళ్ల పైన, కొంచెం బిగించి కడితే తేడా బాగా తగ్గింది. వానాకాలంలో ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ని ఒకేచోట నిలబెట్టి తొక్కనిచ్చే స్టాండ్ మీద, తొక్కినప్పుడు దాదాపు స్ట్రాప్‌తో సమానంగా చూపించింది, అక్కడ అదురు ఉండదు కదా. చేతుల తీరునిబట్టి కూడా మారుతుందనుకుంటా. నేను సిఫారసు చేస్తే కొన్న ఇద్దరిలో ఒకతనికి ఘాట్‌లో కూడా ఫర్వాలేదట. నావి సన్నటి మణికట్లు, ఎముక తేలి ఉంటుంది.

పల్స్ తప్పయితే దాని మీద కట్టిన లెక్కలన్నీ తప్పే. ఆ మొదటి అరకు రైడ్‌కి, టైడ వరకు, 610 క్యాలరీలు ఖర్చయ్యాయంది. మరుసటి డిసెంబరులో, డాక్టర్ గారు సరేనన్నాక, అదే రోడ్డు టైడ వరకు స్ట్రాప్‌తో ఎక్కితే 900 దాటింది. మొదటిసారి పెద్దగా ఖర్చవలేదనుకుని దారిలో ఒక్క అరటిపండుతో సరిపెట్టాను. కాళ్లు వణకడంలో దానికీ వాటా ఉందని నా అనుమానం. పల్స్‌ని బట్టి తేలిక, మధ్యస్థం, గట్టి అని వాచీ విడగొట్టే జోన్ల సంగతీ అంతే. 220 లోంచి వయసు తీసేసి 177 నా గరిష్ఠమని వాచీ తనంతట తానే పెట్టేసుకుంది. టీఎంటీలో నా పల్స్ 181 దాకా వెళ్లింది. ఆ సూత్రం జనాభా సగటుకే సరిపోతుంది, మనిషిని బట్టి పది పన్నెండు అటూఇటూ ఉండొచ్చు. సెట్టింగుల్లోకి వెళ్లి మార్చుకోవచ్చు, మార్చుకోండి.

అడుగుల లెక్క గురించి సైక్లిస్టు బాధపడనవసరం లేదు. యాభై కిలోమీటర్లు తొక్కితే నాలుగు వందల అడుగులు చూపిస్తుంది, చేయి ఊగదు కాబట్టి. ఆ పదివేల అడుగుల లక్ష్యం కూడా 1965లో జపాన్‌లో అమ్మిన మాన్‌పో-కే అనే అడుగుల మీటర్ పేరులోంచి వచ్చింది. ఆ పేరుకి అర్థమే పదివేల అడుగుల మీటర్ అని.

ఇంత తిట్టాక, దీన్ని ఎందుకు అమ్మేయలేదని అడగొచ్చు. 2023 ఆగస్టులో జరిగిన సంగతి వల్ల. నిద్రలో, కదలకుండా ఉన్నప్పుడు వాచీ తీసే పల్స్ నమ్మదగ్గదే. నాది మామూలుగా 53, 54. ఒక శుక్రవారం ఉదయం 60 చూపించింది, శనివారం 66. నాకేమీ తేడా తెలియలేదు, ఆకలి బాగానే ఉంది. అయినా ఎందుకో ఆదివారం భీమిలి రైడ్ మానేశాను. ఆదివారం సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది, వైరల్ జ్వరం. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే పల్స్ ఇంచుమించు పది పెరుగుతుందని డాక్టర్ గారు తర్వాత చెప్పారు. జ్వరం నాకు తెలియకముందే అంకెకి తెలిసింది. ఆ పొద్దున యాభై కిలోమీటర్లు తొక్కి ఉంటే ఏమయ్యేదో. నేను కొన్నది సైకిల్ మీద పల్స్ కోసం, నాకు పనికొచ్చింది మంచం మీద పల్స్.

దీన్ని కూడా గుడ్డిగా నమ్మలేను. సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, చేసి పొద్దున పడుకున్న రోజుల్లో జ్వరం లేకపోయినా 60 దాటుతుంది. పెళ్లి భోజనం ఆలస్యంగా చేసినా అంతే. పగటి నిద్రని వాచీ ఒక్కోసారి నిద్రగానే లెక్కపెట్టదు, 'మీకు విశ్రాంతి చాలలేదు' అంటూ ఎర్ర రంగు చూపించి లేనిపోని టెన్షన్ పెడుతుంది. అందుకే ఎ షిఫ్ట్ (ఉదయం డ్యూటీ) వారాన్ని ఎ షిఫ్ట్ వారంతోనే పోల్చుకుంటాను, సి షిఫ్ట్ వారం అసలు చూడను. రోజూ ఒకే వేళకి పడుకునేవాళ్లకి ఈ బాధ ఉండదు, వాళ్లకి ఈ ఒక్క అంకె నాకంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

స్ట్రాప్ కూడా నిర్దోషి కాదు. ఛాతీకి తగిలే చోట నీళ్లతో తడపకుండా కట్టుకుంటే, చలికాలం మొదటి పది నిమిషాలు 200 పైన చూపిస్తుంది, చెమట పట్టాక దారికొస్తుంది. మే నెల ఉక్కపోతలో ఛాతీ కింద ఒరుసుకుపోయి మంట పెడుతుంది. వాడిన ప్రతిసారీ ఉతికి ఆరేయాలి, ఏడాదికోసారి బిళ్ల బ్యాటరీ మార్చాలి. ఇంత చాకిరీ చేసినా, ఘాట్‌లో అది చెప్పే అంకెకీ మెడ మీద వేళ్లు పెట్టి లెక్కపెట్టిన అంకెకీ తేడా రాలేదు. నాకు కావలసింది అదే.

ఇప్పుడు రైడ్‌కి వెళ్లేటప్పుడు వాచీని మణికట్టు నుంచి తీసి, హ్యాండిల్‌కి స్పాంజి ముక్క చుట్టి దాని మీద కడుతున్నాను. స్ట్రాప్ పంపే అంకెని అది చూపిస్తుంది. చేయి తిప్పి చూసుకోనవసరం లేదు కాబట్టి లారీల మధ్య కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. ఇంటికొచ్చాక మళ్లీ చేతికి కట్టుకుని పడుకుంటాను. ఎత్తులో మాత్రం ఏ అంకె చూసినా, ముందు ఒక పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నానా లేదా అని చూసుకుంటాను. మాట్లాడలేకపోతే గేర్ తేలిక చేస్తాను.

ఇంట్లో గుండెజబ్బు చరిత్ర లేకుండా, కూర్మన్నపాలెం దాకా డ్యూటీకి సైకిల్ మీద వెళ్లొచ్చేవాళ్లకి వాచీ గానీ స్ట్రాప్ గానీ అవసరమని నేను అనుకోను. నాలాగ ఒక అంకె దాటకూడదని డాక్టర్ చెప్పినవాళ్లయితే వాచీ కంటే ముందు స్ట్రాప్ కొనండి, ఫోన్‌తో కలుపుకుంటే చాలు. డబ్బులు మిగిలితే, నిద్ర వేళలు సరిగ్గా ఉంటే, అప్పుడు వాచీ.

మా బావమరిది ఈ దసరాకి సైకిల్ కొన్నాడు, వాచీ కూడా కొంటానంటున్నాడు. నా స్ట్రాప్ ఒక నెల వాడుకోమని ఇచ్చాను. మొదటి ఆదివారం, టైడలో నన్ను కూర్చోబెట్టిన ఆ మాష్టారి దగ్గర మెడ మీద పల్స్ లెక్కపెట్టడం నేర్చుకొచ్చాడు. వాచీ సంగతి నెల తర్వాత మాట్లాడుకుందామన్నాను.